‘పిల్లలకు బాగుంటుంది’ అని తప్పించుకోకండి

మీ చేతికి ఒక పిల్లల నవల వచ్చింది. అట్ట మీద గుండ్రటి ముద్ర, దాని కింద ‘పురస్కారం పొందిన నవల’ అన్న అక్షరాలు. ఇచ్చినాయన మీకు బాగా కావలసినవాడే. వారం తిరక్కుండా ఫోన్ చేసి ‘ఎలా ఉంది సార్?’ అని అడుగుతాడు. అప్పటికి మీరు పూర్తిగా చదివి ఉండొచ్చు, సగంలో ఆపేసి ఉండొచ్చు, అసలు తెరవకపోయి ఉండొచ్చు. ఏదైనా సరే, మీ నోటివెంట వచ్చే మాట ఒక్కటే: ‘బాగుందండీ, పిల్లలకు బాగుంటుంది.’

నిజం చెప్పండి, ఇది అభిప్రాయమేనా? మీకు నచ్చిందా లేదా అన్నది ఇందులో ఎక్కడుంది? పోనీ, ఏ పిల్లలకు బాగుంటుంది? ఖమ్మంలో స్కూలు బస్సెక్కే పిల్లకా? చర్ల దగ్గర ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉండి, సెలవులకు మాత్రమే గూడేనికి వెళ్లే పిల్లకా? ఇద్దరికీ ఒకే పుస్తకం ఒకేలా బాగుంటుందని మీకెవరు చెప్పారు?

ఈ అధ్యాయం టీచర్ల కోసం, తల్లిదండ్రుల కోసం, స్కూలు లైబ్రరీకి పుస్తకాలు ఎంపిక చేయమంటే తల గోక్కునేవాళ్ల కోసం, ఆవిష్కరణ సభలో ‘మీరూ రెండు మాటలు మాట్లాడండి’ అంటే కంగారుపడేవాళ్ల కోసం. ముఖ్యంగా ఖమ్మం నుంచి భద్రాచలం దాకా, ఆ పైన దుమ్ముగూడెం, చర్ల అడవి అంచుల దాకా ఉంటున్నవాళ్ల కోసం. మన పిల్లల పుస్తకాల్లో అడవికి కొదవ లేదు. ఆ అడవి సరిగా ఉందా లేదా అని దాని పక్కనే కాపురముంటున్న పెద్దవాళ్లను అడిగేవాళ్లే లేరు. ఎవరో వచ్చి అడగాలని చూడకండి. చెప్పడం నేర్చుకుందాం.

1. ముద్రను గౌరవించండి, మొక్కకండి

కేంద్ర సాహిత్య అకాడెమీ బాల సాహిత్య పురస్కారాలను 2010లో మొదలుపెట్టింది. అకాడెమీ గుర్తించిన 24 భాషల్లో ఏటా ఇస్తుంది. 50,000 రూపాయలు, ఒక తామ్రఫలకం. తెలుగులో తొలి ఏడాది పురస్కారం ఒక నవలకే దక్కింది, కలువకొలను సదానంద రాసిన ‘అడవితల్లి’కి. ఆయన (1939–2020) అప్పటి చిత్తూరు జిల్లా పాకాల మనిషి. పెద్దలకు కథలూ నవలలూ రాస్తూనే పిల్లలకూ రాశారు. అకాడెమీ పురస్కారానికి ఎన్నో ఏళ్ల ముందే, 1966లో, ‘బంగారు నడచిన బాట’ అనే పిల్లల నవలకు ఎన్‌సీఈఆర్‌టీ జాతీయ పురస్కారం అందుకున్నారు. ఆ తర్వాత తెలుగులో ఈ గుర్తింపు ఎక్కువగా కథల సంపుటాలకు, గేయాలకు వెళ్లింది. మళ్లీ ఒక నవల, పి. చంద్రశేఖర ఆజాద్ రాసిన ‘మాయాలోకం’, ఈ పురస్కారం అందుకునేసరికి 2024 వచ్చింది. పిల్లల కోసం నవల రాయడం ఎంత అరుదో దీన్నిబట్టే తెలుస్తోంది కదా?

‘అడవితల్లి’ కథేమిటో ఇక్కడ చెప్పను. చెబితే మీరు చదవరు. నా నాలుగు మాటల్నే మీ అభిప్రాయంగా వాడేస్తారు. ఈ అధ్యాయం రాస్తున్నదే ఆ అలవాటు మాన్పించడానికి.

ఒక్క సంగతి ఆలోచించండి. పిల్లల నవల రాసేది పెద్దవాళ్లు. అచ్చు వేసేది పెద్దవాళ్లు. డబ్బిచ్చి కొనేది పెద్దవాళ్లు. ఆఖరికి బహుమతికి ఎంపిక చేసేదీ పెద్దవాళ్లే. ఆ న్యాయనిర్ణేతల్లో తొమ్మిదేళ్ల పిల్ల ఒక్కతీ ఉండదు. అంటే ఆ ముద్ర కొందరు పెద్దమనుషుల అభిప్రాయం. మీదీ ఒక పెద్దమనిషి అభిప్రాయమే. వాళ్లు మీకంటే ఎక్కువ పుస్తకాలు చదివి ఉంటారు, నిజమే. అలాగని మీ కళ్లు మూసుకుని వాళ్ల కళ్లతో చదవాలా?

దీనికి ఎదురుగా ఇంకో జబ్బుంది. ముద్ర కనబడగానే పెదవి విరిచి ‘అవార్డులన్నీ పైరవీలేనండీ’ అనేయడం. మొక్కేవాడూ పెదవి విరిచేవాడూ ఇద్దరూ ఒకే పని చేస్తున్నారు. తునికాకు కొనే కల్లంలో, కట్ట విప్పకుండా పై ఆకు చూసి నాణ్యత తేల్చే కల్లేదారులా, అట్ట చూసి తేల్చేస్తున్నారు.

2. పిల్లాడి వేషం వేయకండి

చదువుకున్నవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇది. పుస్తకం తెరవగానే ‘నేను పదేళ్ల పిల్లాడినైతే దీన్ని ఎలా చదువుతాను?’ అని ఊహించుకుంటూ కూర్చుంటారు. మీరు పదేళ్ల పిల్లాడు కాదు. మీకు నలభై ఐదేళ్లు, పొద్దున్నే బీపీ మాత్ర వేసుకున్నారు, పెద్దమ్మాయి ఇంటర్ ఫీజు కట్టాలి. మీరు ఊహించుకునే పదేళ్ల పిల్లాడు ఈ రోజుల పిల్లాడు కూడా కాదు. ముప్పై ఐదేళ్ల కిందటి మీరు, అదీ మీకు గుర్తున్నంత మేరకే. ఆ పిల్లాడి పేరు చెప్పి ఇప్పటి పుస్తకానికి మార్కులు వేస్తానంటే ఎలా?

మీరు మీలాగే చదవండి. మీకు విసుగొస్తే ఒప్పుకోండి. నవ్వొస్తే నవ్వండి. కళ్లు చెమ్మగిల్లితే, పిల్లల పుస్తకానికి ఇదేమిటని సిగ్గుపడకండి. మంచి పిల్లల నవల పెద్దవాడి ముందూ నిలబడుతుంది. పెద్దవాడి ముందు నిలబడలేని పుస్తకాన్ని పిల్లల మీదకు తోసేసి ‘వాళ్లకు సరిపోతుందిలే’ అనడం, పుస్తకం కంటే ఎక్కువగా పిల్లలకే అవమానం.

జపాన్‌లో 1981లో వచ్చిన తొత్తో-చాన్ పుస్తకం మన దగ్గర ‘రైలుబడి’ పేరుతో ఎందరో టీచర్ల చేతుల్లో నలిగింది. ఆ టీచర్లెవరూ దాన్ని పిల్లల్లా చదవలేదు, టీచర్లలాగే చదివారు. అందుకే అది వాళ్లను కుదిపింది.

3. పెన్సిల్ పట్టుకుని, ఆపకుండా చదవండి

పిల్లల నవల మామూలుగా వంద పేజీలకు అటూ ఇటూ ఉంటుంది. ఖమ్మంలో బస్సెక్కి తెరిస్తే కొత్తగూడెం, పాల్వంచ దాటి సారపాక వచ్చేసరికి చాలావరకు అయిపోతుంది. రోజుకు రెండు పేజీల లెక్కన నెలంతా సాగదీస్తే మీకు గుర్తుండేది కథ కాదు, సాగదీత.

చదువుతూ ఆగి నోట్సు రాయొద్దు. పేజీ పక్కన మూడు రకాల గుర్తులు చాలు. మనసు పట్టేసిన చోట నిలువు గీత. విసుగొచ్చి పేజీ తిప్పేసిన చోట సున్నా. ‘ఇది అబద్ధం’ అనిపించిన చోట ప్రశ్నార్థకం. లైబ్రరీ పుస్తకమైతే గీతలు గీయకండి, చీటీ పెట్టుకుని పేజీ నంబర్లు వేసుకోండి.

చివరి పేజీ అయ్యాక వెనక్కి తిరిగి గుర్తులు మాత్రమే చూడండి. సున్నాలన్నీ మొదటి ముప్పై పేజీల్లోనే ఉన్నాయా? అయితే రచయిత కథలోకి దిగడానికి ఆలస్యం చేశాడు. గీతలన్నీ ఒక్క పాత్ర చుట్టూనే ఉన్నాయా? ఆ పాత్ర కోసమే మీరు చదివారు. ప్రశ్నార్థకాలన్నీ చివరి అధ్యాయంలోనే ఉన్నాయా? ముగింపు మిమ్మల్ని ఒప్పించలేదు. చూశారా, అభిప్రాయం ఎక్కడి నుంచో ఊడిపడలేదు. మీ పెన్సిల్ దగ్గరే ఉంది.

4. మీకు తెలిసిన చోట గట్టిగా నిలబడండి

ఈ అధ్యాయంలో మీకు అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. కొంచెం నెమ్మదిగా చూద్దాం.

అనుకుందాం, నవలలో ఒక కోయ పిల్లాడు శ్రావణంలో జోరు వానలో ఇప్పపువ్వు ఏరుతున్నాడు. హైదరాబాదులో కూర్చుని చదివే పెద్దమనిషి ‘ఆహా, ఎంత అందమైన దృశ్యం’ అనుకుంటాడు. మీరు? మీకు తెలుసు, ఇప్పపువ్వు రాలేది ఎండలు మొదలయ్యే రోజుల్లో, మార్చి, ఏప్రిల్ నెలల్లో. రాత్రి తెల్లవార్లూ రాలితే చీకటి విడవకముందే బుట్ట పట్టుకుని చెట్టు కిందకు పోతారు. ఆలస్యమైతే పశువులు, ఎలుగుబంట్లు మిగలనివ్వవు. తునికాకు కూడా అంతే. దానికి ఏప్రిల్, మే నెలలు. ఆకులు 50 చొప్పున కట్ట కట్టాలి. బడికి సెలవులొచ్చిన పిల్లలూ తల్లితోపాటు చీకటితోనే అడవికి పోతారు. మోదుగు పూసి అడవి ఎర్రబడేది ఇంకాస్త ముందు. ఇవి రచయితకు తెలియకపోతే, పాత్రకు కోయ పేరు పెట్టినంత మాత్రాన ఆ పిల్లాడు కోయ పిల్లాడవుతాడా?

ఇంకో ఉదాహరణ. మన కథల్లో అడవి అనగానే సింహం వచ్చి కూర్చుంటుంది. జంతువులు మాట్లాడే కథైతే ఇబ్బంది లేదు, పంచతంత్రం కాలం నుంచీ అలవాటే. కానీ నవల ‘ఇది కిన్నెరసాని అడవి’ అని ఊరూ వాగూ పేరుపెట్టి చెప్పి, ఆ తర్వాత పొదలోంచి సింహాన్ని దూకిస్తే? మన దేశంలో సింహాలు సహజంగా తిరిగేది గుజరాత్‌లోని గిర్ ప్రాంతంలోనే. ఇక్కడ మీ ప్రశ్నార్థకం న్యాయమైనదే. ‘పిల్లల పుస్తకంలో అంత పట్టింపు ఎందుకండీ’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. సింహం ఎక్కడుంటుందో పెద్దవాళ్లకంటే పిల్లలకే బాగా తెలుసు.

చెట్లూ జంతువుల సంగతి సరే, మనుషుల సంగతి చూడండి. నవలలో ఆదివాసీ ఎందుకొచ్చాడు? పట్నం పిల్లలకు దారి చూపించడానికా? వాళ్లను పాము కాటు నుంచి కాపాడటానికా? అతనికి సొంత భయం, సొంత కోరిక, ఇంట్లో ఒక గొడవ ఏమైనా ఉన్నాయా? వచ్చీరాని తెలుగులో ‘దొరా, దొరా’ అంటూ నవ్వించడానికే ఉన్నాడా? ఈ నేల మీద పిల్లలు రెండు భాషల్లో పెరుగుతారు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయ, గోండి, కోలామి, బంజారా వంటి 8 భాషల్లో చిన్న తరగతులకు తెలుగు లిపిలోనే వాచకాలు తయారుచేశారు. ఇంట్లో కోయ మాట్లాడి బడిలో తెలుగు నేర్చుకునే పిల్ల రెండు భాషలు మోస్తోంది. ఆ పిల్లను తెలుగు రానిదానిగా చూపించే నవలకు ఎన్ని ముద్రలున్నా, మీ ప్రశ్నార్థకం కొట్టేయకండి.

‘అడవి తల్లి’ అన్న మాట మన సభల్లో చాలా తేలిగ్గా వాడేస్తారు. అడవి అంచున పెరిగే పిల్లకు అడవి అంటే తల్లి ఒక్కటే కాదు. పోడు కోసం నాన్న ఫారెస్టు వాళ్లతో పడిన గొడవ కూడా. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. తెలంగాణలో 2023 జూన్‌లో పోడు పట్టాలు పంచారు. పట్టా వచ్చిన ఇల్లు, రాని ఇల్లు పక్కపక్కనే ఉన్న గూడేలున్నాయి. ఒక పిల్లల నవల ఇవన్నీ చెప్పి తీరాలని నేననను. కానీ అడవి గురించి రాసిన నవల చదివి మీరు అభిప్రాయం చెప్పేటప్పుడు, ఈ అడవి ఎవరికి కనబడే అడవి అని అడిగే హక్కు మీకుంది. కారులో వచ్చి పర్ణశాల చూసి వెళ్లేవాళ్లకు కనబడే అడవా, అందులోంచి కట్టెలు మోసుకొచ్చేవాళ్లదా?

ఇది అడ్డం తిరిగే ప్రమాదం గురించి కూడా చెప్పాలి. ఇలా తప్పులు పట్టడంలో ఒక మజా ఉంది. పట్టుకుంటే వదలదు. చెట్టు తప్పు, నెల తప్పు, పక్షి తప్పు అని జాబితా చదివి ‘అందుకే పుస్తకం దండగ’ అని తేల్చేస్తారు. ఒక్క నెల తప్పైనా మనిషిని పట్టుకున్న నవల గొప్పదే కావచ్చు. అన్నీ ఒప్పైనా ఊపిరి లేని నవల ఫారెస్టు శాఖ కరపత్రంలా ఉండిపోవచ్చు. తప్పును తప్పుగా చెప్పండి. దానికి ఎంత బరువివ్వాలో గీతలూ సున్నాలూ చూసి తేల్చుకోండి.

5. ‘ఇందులో నీతి ఏమిటి?’ అని అడగకండి

ఎందుకంటే నీతి కావాలంటే నవల అక్కర్లేదు. గోడ మీద సూక్తి చాలు.

6. చావు వచ్చిందని పుస్తకం మూసేయకండి

పెద్దవాళ్లకు కోపం తెప్పించే పిల్లల నవలలు ఒక రకం ఉంటాయి. అందులో ఎవరో చనిపోతారు. తండ్రి తాగుతాడు. స్నేహితురాలు ఊరొదిలి వెళ్లిపోయి మళ్లీ రాదు. ‘పిల్లలకు ఇవన్నీ ఎందుకు? సంతోషంగా ఉండేవి రాయొచ్చు కదా’ అంటాం.

అమెరికాలో న్యూబెరీ మెడల్ అని ఒకటుంది, 1922 నుంచీ ఏటా పిల్లల పుస్తకానికి ఇస్తున్నారు. 1978లో అది కేథరిన్ పేటర్సన్ రాసిన ‘బ్రిడ్జ్ టు టెరాబిథియా’కు వచ్చింది. అందులో ఇద్దరు పిల్లల స్నేహం మధ్యలోకి చావు వస్తుంది. రచయిత్రి కొడుకు స్నేహితురాలు పిడుగుపాటుకు చనిపోతే, ఆ కొడుకు దుఃఖాన్ని చూసి ఆమె ఆ నవల రాసింది. అంత గౌరవం దక్కిన పుస్తకమే ఆ దేశంలో స్కూళ్ల నుంచి తీసేయమంటూ పెద్దవాళ్లు పదేపదే ఫిర్యాదు చేసిన పుస్తకాల్లోనూ ఒకటైంది.

మన దగ్గరకు రండి. మలేరియా, పాము కాటు, వాగు దాటలేక ఆగిపోయిన వైద్యం. ఈ మాటలు తెలియని పిల్లలు అడవి అంచు హాస్టళ్లలో ఎందరుంటారు? బతుకు చూపించేసిన దాన్ని పుస్తకం దాచిపెడితే, ఆ పిల్లకు పుస్తకం మీద నమ్మకం పోతుంది. కాబట్టి ‘చావు ఉందా లేదా’ అన్నది ప్రశ్న కాదు. చావు తర్వాత నవల ఆ పిల్లాడిని ఎలా చూసుకుంది? రెండు పేజీల్లో కళ్లు తుడిచేసి పిక్నిక్‌కు పంపిందా? ఏడవనిచ్చిందా? మీ అభిప్రాయం అక్కడ ఉండాలి.

7. పిల్లలతో మాట్లాడేటప్పుడు తీర్పు ముందు పెట్టకండి

మీరు చదివేశారు, మీకో అభిప్రాయం ఏర్పడింది. ఇప్పుడు పుస్తకం ఏడో తరగతి చదివే మీ అమ్మాయికి ఇస్తున్నారు. ఏమంటారు? ‘చాలా మంచి పుస్తకం, అవార్డు వచ్చింది, తప్పకుండా చదువు.’ అంతే, సగం చంపేశారు. ఇప్పుడు ఆ పిల్లకు నచ్చకపోతే తప్పు తనదనుకుంటుంది.

ఏమీ అనకుండా ఇవ్వండి. టేబుల్ మీద వదిలేసినా మంచిదే. నాలుగు రోజుల తర్వాత మాట్లాడండి. అక్కడ కూడా ‘ఎలా ఉంది?’ అని అడగొద్దు. దానికి పిల్లలు ఇచ్చే జవాబు మీకు తెలుసు: ‘బాగుంది నాన్నా.’ మీ దగ్గర నేర్చుకున్నదే!

ఇలా అడిగి చూడండి.

‘ఎక్కడిదాకా వచ్చిందిరా?’

‘వాళ్ల నాయనమ్మను వదిలేసి హాస్టల్‌కు వచ్చేస్తాడు కదా, అక్కడిదాకా.’

‘అక్కడ ఆపేశావేం?’

‘వాడు అసలు ఏడవలేదు నాన్నా. బస్సెక్కి కిటికీలోంచి చూశాడంతే. నేనైతే ఏడ్చేదాన్ని.’

ఇక్కడ మీ నాలుక దురద పెడుతుంది. ‘ధైర్యంగా ఉండాలని రచయిత చెబుతున్నాడమ్మా’ అనబోతారు. ఆపుకోండి! ఆ పిల్ల ఇప్పుడు చేసింది అచ్చమైన విమర్శ. పాత్ర చేసిన పనిని తనకు తెలిసిన దుఃఖంతో పోల్చి చూసింది. సభల్లో పెద్దలు గంటసేపు మాట్లాడి కూడా చేయనిది ఇదే. మీరు చేయాల్సింది ఒక్కటే: ‘నేనది గమనించలేదే. ఆ పేజీ చూపించు’ అనడం. ఇద్దరూ కలిసి ఆ పేజీ మళ్లీ చదవండి. తను చెప్పింది మీకు నిజమనిపిస్తే మీ గీతను సున్నాగా మార్చుకోండి. అనిపించకపోతే ఎందుకో చెప్పండి, ‘నాకేమనిపించిందంటే’ అని మొదలుపెట్టి.

ఆశ్రమ పాఠశాలలో టీచర్లకు ఒక మాట. నవల గురించి అడిగితే పిల్ల తల దించుకుని నిలబడిందంటే అభిప్రాయం లేదని కాదు, అది చెప్పడానికి తెలుగు చాలడం లేదని అర్థం చేసుకోండి. ‘నీకు నచ్చిన పేజీ వేలితో చూపించు’ అనండి. పై తరగతి అక్క ఎవరైనా ఉంటే కోయలో చెప్పించుకోండి. బొమ్మ గీస్తానంటే గీయనివ్వండి. ఆ పిల్ల ఏ పేజీ చూపించిందో అదే ఆమె అభిప్రాయం.

8. సభలో మూడు వాక్యాలు చాలు

‘బాలల మనోవికాసానికి దోహదపడే చక్కని నవల. ప్రతి ఇంట్లో ఉండదగిన పుస్తకం. రచయితకు నా హృదయపూర్వక అభినందనలు.’ ఈ మాటలు పుస్తకం తెరవకుండా చెప్పొచ్చు. పంచాంగం గురించి కూడా చెప్పొచ్చు.

దానికి బదులు మూడు సంగతులు చెప్పండి. కథలో ఏం జరుగుతుంది. ఏ చోట మిమ్మల్ని పట్టేసింది. ఏ చోట మీరు నమ్మలేదు. ఒక ఊహాజనిత నవల మీద నమూనా రాసి చూపిస్తాను:

‘ఏడో తరగతి పిల్ల వేసవి సెలవుల్లో తాతతో తునికాకు కల్లానికి వెళ్తుంది. తాత కట్టల లెక్క తప్పుతున్నాడని పసిగట్టి, నలుగురి ముందూ ఆయన పరువు పోకుండా ఆ లెక్కను ఆ పిల్ల సరిచేసిన రెండు పేజీలు నేను మళ్లీ మళ్లీ చదివాను. చివర్లో కలెక్టరు గారు జీపులో దిగి అందరి కష్టాలూ తీర్చేయడం మాత్రం నేను నమ్మలేదు.’

ఇంతే. అర నిమిషం కూడా పట్టదు. ఇది విన్నవాళ్లకు ఆ పుస్తకం చదవాలనిపిస్తుంది. రచయిత కూడా ఇంటికెళ్లి చివరి అధ్యాయం మళ్లీ తెరుస్తాడు. (కలెక్టరు గారు జీపు దిగే ముగింపులు మన పిల్లల కథల్లో ఎన్నున్నాయో ఎవరైనా లెక్కపెడితే బాగుండు. ఎమ్మార్వో గారికి ఒక్కసారైనా అవకాశం రాదు.)

పుస్తకం అసలు నచ్చకపోతే? చెప్పండి, కానీ పేజీ పట్టుకుని చెప్పండి. ‘బోరు’ అనకండి, ‘మొదటి నలభై పేజీల్లో ఎవరికి ఏం కావాలో నాకు తెలియలేదు’ అనండి. మొదటి మాట రచయితను కొడుతుంది, రెండోది పుస్తకాన్ని చూపిస్తుంది. రచయిత స్నేహితుడైతే సభలో కాకుండా విడిగా చెప్పండి. అసలు చెప్పకుండా మాత్రం ఉండొద్దు. పిల్లలకు రాసేవాళ్లకు పొగడ్తలకు కొదవ లేదు, పాఠకులే కరువు.

‘అయినా నేను సాహిత్యం మనిషిని కాదు కదండీ’

ఈ మాట అనే ముందు మణుగూరు మండలం కూనవరానికి చెందిన కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యను తలుచుకోండి. 2022లో పద్మశ్రీ అందుకున్నారు, 2024లో కన్నుమూశారు. సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజు కథలు ఆయన పాడితే ఊరంతా కూర్చుని వినేది. ఇలవేల్పుల కొలుపులో ఆయనలాంటి డోలి కళాకారులు కథ చెబుతుంటే ముసలివాళ్లూ వింటారు, ఒళ్లో పిల్లలూ వింటారు. ఇది పెద్దల కథ, ఇది పిల్లల కథ అని ఎవరూ గీత గీయరు. కథ పక్కదారి పడితే గుంపులోంచి ఒక ముసలాయన ‘అట్ల కాదు’ అని అందుకుంటాడు. ఆయనేమీ సాహిత్యం ఎమ్మే చేయలేదు. కథ విన్నాడు, తెలిసినవాడు. ఆ అర్హత చాలు.

కాబట్టి ఈ వారం పని ఇది. ఒక పిల్లల నవల తెచ్చుకోండి. ‘అడవితల్లి’ కావచ్చు, ‘మాయాలోకం’ కావచ్చు, మరొకటి కావచ్చు. పెన్సిల్‌తో చదవండి, మూడు వాక్యాలు రాయండి, అందులో ‘పిల్లలకు’ అన్న మాట రాకుండా చూసుకోండి. పుస్తకం దొరకలేదంటారా? ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో భద్రాచలంలోనో, మీకు దగ్గరలోని గ్రంథాలయానికి వెళ్లి అడగండి. లేదంటే తెప్పించమని రాసివ్వండి. మొహమాటపడకండి. మీరు కట్టే ఇంటి పన్నుతోపాటు రూపాయికి 8 పైసల లెక్కన గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నారు.